ఆన్‌లైన్ చదువుకు పలికే మనిషి కావాలి

సంపాదకులు గారికి నమస్కారం.

ఆన్‌లైన్ చదువుల మీద చర్చ ఎప్పుడు వచ్చినా మన సీమ జిల్లాల్లో అది సిగ్నల్ చుట్టూ, ఫోను చుట్టూ తిరిగి ఆగిపోతుంది. ఈ రెండూ సమకూరితే మిగిలినదంతా పిల్లల శ్రద్ధను బట్టి ఉంటుందని అధికారులు అంటారు; కళాశాలల్లో మా వంటి వాళ్లమూ చాలాకాలం అదే మాట అన్నాము. అనంతపురం జిల్లాలోని ప్రభుత్వ డిగ్రీ కళాశాలల్లో ముప్పై ఏళ్లకు పైగా గణాంకశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసి, ఇప్పుడు సాయంత్రాలు మా పేట గ్రంథాలయంలో ఆన్‌లైన్ కోర్సులు చేసే విద్యార్థుల పక్కన కూర్చుంటున్న నాకు, శ్రద్ధ అని మనం పిలుస్తున్నదాని వెనుక మరొకటి ఉందని ఆలస్యంగా తెలిసివచ్చింది. ‘ఈ పని నా చేత అవుతుంది’ అనే నమ్మకం అది. అది లేక పాఠం తెరవని పిల్లవాణ్ణి మనం సోమరి అంటాము. ఆ నమ్మకం ఎట్లా కలుగుతుందో, ఎట్లా సడలుతుందో పట్టించుకోకుండా ట్యాబులూ వీడియోలూ ఎన్ని పంచినా ఖర్చే మిగులుతుందన్నది నా అభిప్రాయం.

కిందటి ఏడాది ఆగస్టులో, రాయదుర్గం వైపు పల్లె నుంచి వచ్చి ఇక్కడ హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్న ఒక అమ్మాయి గ్రంథాలయానికి రావడం మొదలుపెట్టింది. తండ్రి రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టే టైలరు. ఆమె పన్నెండు వారాల ఆన్‌లైన్ కోర్సులో చేరి, మొదటి రెండు వారాల అసైన్‌మెంట్లు పంపి, మూడో వారం ఆగిపోయింది. ఎందుకు ఆగావమ్మా అని అడిగితే నోటుపుస్తకం తీసి చూపింది. ఎడమ పేజీలో వీడియోను ఆపి ఆపి రాసుకున్న ఇంగ్లీషు మాటలు, వాటి పక్కన తెలుగు అర్థాలు. కుడి పేజీలో పది ప్రశ్నలకూ లెక్కలు చేసి, జవాబుల చుట్టూ పెన్సిలుతో గీసిన సున్నాలు. అంతా చేసింది, ఫోనులో ఎక్కించి ‘సబ్మిట్’ నొక్కడం ఒక్కటే మిగిలింది. ‘తప్పు పెడ్తే అది వాళ్లకు తెలుస్తాది కదా సార్?’ అన్నది. వాళ్లు అంటే ఎవరని అడిగితే, వీడియోలో పాఠం చెప్పే ప్రొఫెసరు అన్నది. ఎక్కడో ఐఐటీలో కూర్చున్న ఆయన, రాయదుర్గం పిల్ల మూడో ప్రశ్న తప్పు పెట్టిందని చూస్తాడని ఆమె భయం. దిద్దేది కంప్యూటరేననీ, ఆయనకు నీ పేరైనా తెలియదనీ చెప్పాను. ‘మెషిన్ అయితే ఏం కాదులే సార్’ అని నా ఎదుటే నొక్కింది. గడువు దాటిన తరువాత మార్కులు వచ్చాయి, పదికి ఏడు.

ఆ భయానికి వేరు ఎక్కడుందో నాకు తెలియనిది కాదు. తప్పు చెప్పిన పిల్లను తరగతిలో నిలబెట్టిన అధ్యాపకుల్లో నేనూ ఒకణ్ణి.

అదే గ్రంథాలయానికి శింగనమల వైపు నుంచి వచ్చే కుర్రవాడు ఒకడున్నాడు. బోరు మోటారు స్టార్టరులో రిలే పోయినా, కెపాసిటర్ పోయినా తానే మార్చుతాడు. ఈ పని అతనికి ఎవరూ నేర్పలేదు; ఫోనులో తెలుగు వీడియోలు చూసి, తండ్రి తిడుతున్నా పాత స్టార్టరు విప్పి, మళ్లీ బిగించి నేర్చుకున్నాడు. ఇప్పుడు చుట్టుపక్కల నాలుగైదు తోటల వాళ్లు అతన్నే పిలుస్తారు. అది ఆన్‌లైన్ చదువు కాక మరేమిటి? అయినా కళాశాల వాళ్లు ఒక ఆన్‌లైన్ కోర్సు తీసుకోమంటే, ‘ఆ క్లాసులు నాకు ఎక్కవు సార్’ అంటాడు. మోటారు దగ్గరి ఆ ధైర్యమూ, కోర్సు ముందు ఈ వెనుకడుగూ ఒకే మనిషిలో ఉండడంలో వింత లేదు. ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1977లో ప్రచురించిన వ్యాసం నుంచి ఈ విషయం మీద లోకంలో చాలా పరిశోధన జరిగింది. ఆయన చెప్పిన నమ్మకం మనిషి మొత్తానికి ఒకటిగా ఉండే ధైర్యం కాదు, పనిపనికీ వేరుగా ఉండేది. మోటారు దగ్గర పులిలా ఉండేవాడు ఇంగ్లీషు వీడియో ముందు ముడుచుకుపోవచ్చు. మోటారు దగ్గర కనెక్షన్ తప్పితే ఆ క్షణమే తెలుస్తుంది, సరిగా కుదిరితే నీళ్లు పడతాయి, పక్క తోట రైతు ఫోను చేస్తాడు. ఆన్‌లైన్ కోర్సులో చేసింది సరో కాదో వారం దాకా తెలియదు. తెలిసినా ‘బాగా చేశావురా’ అనే వాడు ఉండడు.

ఇటువంటి నమ్మకం నాలుగు దారుల్లో వస్తుందని బండూరా చెప్పాడు. అన్నిటికన్నా బలమైనది, ఆ పని స్వయంగా ఒకసారి చేసి నెగ్గిన అనుభవం. రెండోది, తన వంటివాడే మరొకడు చేస్తుండగా చూడడం. మూడోది, నీవు చేయగలవని ఇతరులు చెప్పే మాట. నాలుగోది, ఆ పని ముందు కూర్చున్నప్పుడు మనసూ ఒళ్లూ ఎట్లా ఉన్నాయన్నది. గుండె దడదడలాడుతుంటే నా చేత కాదనే అనిపిస్తుంది. మన కళాశాలలు ఈ నాలుగింటిలో మూడోదాని మీదే డబ్బూ కాలమూ ఖర్చు పెడుతున్నాయి. ఏడాదికి ఒకసారి బయటి ఊరు నుంచి ఒక వక్తను పిలిపించి, మైకులో రెండు గంటలు ‘మీరు సాధించగలరు’ అని చెప్పించి, శాలువా కప్పి పంపిస్తాము. ఆ సాయంత్రం పిల్లలు ఉత్సాహంగానే ఉంటారు. బుధవారం రాత్రి అసైన్‌మెంట్ గడువు ముందు ఒంటరిగా కూర్చున్నప్పుడు ఆ చప్పట్లు పనికిరావు.

అయితే ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. పిల్లలకు నమ్మకం లేదు అనే మాట, వసతులు కల్పించనివారి చేతిలో మంచి సాకు కాగలదు. మన పిల్లల అపనమ్మకంలో చాలా భాగం భ్రమ కాదు, అనుభవం నేర్పిన లెక్క. పదో తరగతి దాకా, ఇంటర్ దాకా తెలుగులో చదివిన వాళ్లకు 2021-22 నుంచి డిగ్రీ అంతా ఇంగ్లీషు మాధ్యమమైంది. ఆన్‌లైన్ కోర్సులు సరేసరి. 2017-18 నాటి జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశంలో గ్రామీణ కుటుంబాల్లో ఇంటర్నెట్ సౌకర్యం ఉన్నవి నూటికి 15, కంప్యూటర్ ఉన్నవి నూటికి 5 కూడా లేవు. ఆ స్థితిలోనే 2020 మార్చిలో బడులు మూతపడి పాఠాలు ఫోనుల్లోకి వచ్చాయి. ఆ తరువాత ఫోన్లూ డేటా పల్లెపల్లెకూ చేరాయన్నది నిజమే. కానీ ఫోను ఎవరిది అన్న ప్రశ్న ఉంది. 2023లో పల్లె పిల్లల చదువుల స్థితిని కొలిచే అసర్ సర్వే గ్రామాల్లో 14 నుంచి 18 ఏళ్ల వయసు వారిని కలిసి అడిగితే, స్మార్ట్‌ఫోన్ వాడడం తెలిసిన అబ్బాయిల్లో నూటికి 44 మందికి సొంత ఫోను ఉండగా, అమ్మాయిల్లో 20 మందికే ఉన్నట్లు తేలింది. అన్న నిద్రపోయాక అతని ఫోను తీసుకొని పాఠం వినే పిల్లకు, ఎప్పుడు లాక్కుంటారో తెలియని వస్తువు మీద కట్టిన చదువు మీద నమ్మకం ఎక్కడి నుంచి వస్తుంది?

కర్నూలు జిల్లా పడమటి మండలాలకు వెళ్తే ఇది మరింత స్పష్టంగా కనబడుతుంది. కోసిగి, మంత్రాలయం, ఆదోని ప్రాంతాల నుంచి ఏటా కుటుంబాలు పత్తి తీతకూ మిరప కోతకూ గుంటూరు వైపు, తెలంగాణ వైపు సుగ్గికి, అంటే కూలి వలసకు, వెళ్తాయి. ఇంటికి తాళం పడితే పిల్లలూ వెంట వెళ్లవలసిందే. ప్రతి ఏడాదీ మధ్యలో చదువు ఆగిపోయి, తిరిగి వచ్చేసరికి తరగతి ముందుకు పోయి ఉండడం చిన్ననాటి నుంచి చూసిన పిల్ల, డిగ్రీలో ఒక వారం అసైన్‌మెంట్ తప్పగానే ‘ఇంక అయిపోయింది’ అనుకోవడంలో తప్పేముంది? ఆమె జీవితంలో వెనుకబడ్డ ప్రతిసారీ అందుకోలేకపోయింది. అది ఆమెకు తెలిసిన సత్యం.

ఉచిత ఆన్‌లైన్ కోర్సులు 2012 నుంచి ప్రపంచమంతటా వెల్లువెత్తాయి. చేరిన నూరు మందిలో పూర్తిచేసేవారు పది మందికి మించడం అరుదని మొదటి నుంచీ లెక్కలు చెబుతున్నాయి. అభివృద్ధి చెందుతున్న దేశాల వారు ఇంకా ఎక్కువగా మధ్యలో మానేస్తున్నారు. దీనికి నెట్ ఒక్కటే కారణమా అని పరిశోధకులు కొందరు ఆలోచించారు. ఈ చదువుల్లో నాకు చోటు ఉందా, నన్ను తక్కువగా చూస్తారేమో అనే శంక కూడా కారణమని భావించి, కోర్సు మొదట్లో విద్యార్థుల చేత తమకు విలువైన విషయాల గురించి కొద్ది నిమిషాలు రాయించారు. 2017లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన ఫలితం అందరినీ ఆశ్చర్యపరచింది. ఆ చిన్న రాత పనితో పేద దేశాల విద్యార్థులకూ సంపన్న దేశాల విద్యార్థులకూ నడుమ ఉన్న అంతరం మాసిపోయింది. ఇక్కడితో కథ ఆగితే బాగుండేది. అదే ప్రయోగాన్ని మరికొన్నిటితో కలిపి సుమారు 250 కోర్సుల్లో, రెండున్నర లక్షలకు పైగా విద్యార్థుల మీద చేసి 2020లో ఫలితాలు ప్రకటించినప్పుడు, ప్రభావం చాలా స్వల్పమనీ, ఏ కోర్సులో పనిచేస్తుందో ముందుగా చెప్పలేమనీ తేలింది. గణాంకాలు చెప్పుకొని బతికినవాణ్ణి గనుక నాకు ఈ రెండో ఫలితం మీదే గౌరవం ఎక్కువ. ఒకసారి ధైర్యం చెప్పి వదిలేస్తే పన్నెండు వారాలు నిలవదని అది చెబుతున్నది.

నిలిచినది మరొకటి ఉంది. కోవిడ్ కాలంలో ఆఫ్రికాలోని బోట్స్వానాలో బడులు మూసినప్పుడు, సుమారు 4,500 కుటుంబాల మీద ఒక ప్రయోగం జరిగింది. కొందరికి వారం వారం లెక్కలు ఎస్సెమ్మెస్‌లో పంపారు. మరికొందరికి ఆ ఎస్సెమ్మెస్‌తో పాటు వారానికి ఒకసారి ఒక మనిషి ఫోను చేసి, పదిహేను ఇరవై నిమిషాలు బిడ్డతో, తల్లితో లెక్క చేయించాడు. ఎస్సెమ్మెస్ ఒక్కటే వచ్చిన పిల్లల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఫోను కూడా వచ్చిన పిల్లలు లెక్కల్లో ముందుకు వెళ్లారు. తరువాత అదే పద్ధతిని భారత్, నేపాల్, కెన్యా, ఉగాండా, ఫిలిప్పీన్స్‌లలో ప్రయత్నించినప్పుడూ ఫలితం నిలిచింది. ఇవి చిన్న తరగతుల కూడికలూ భాగహారాలూ, డిగ్రీ చదువులు కావన్నది నిజం. అయినా బటన్ల ఫోను మీద, ఇంటర్నెట్ లేకుండా సాధ్యమైన పని ఇది.

దీనికి ఎదురుగా పెరూ అనుభవం ఉంది. ఆ దేశంలో పల్లె బడుల పిల్లలకు పెద్ద ఎత్తున ల్యాప్‌టాప్‌లు ఇచ్చి, పదిహేను నెలల తరువాత 319 బడులను పరిశీలిస్తే లెక్కల్లోనూ భాషలోనూ పురోగతి కనబడలేదు. మన రాష్ట్రంలోనూ 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకూ ఉపాధ్యాయులకూ కలిపి ఐదు లక్షలకు పైగా ట్యాబులు ఇచ్చారు. ఇవ్వడం తప్పని నేను అనను. ఫోను కోసం అన్నను బతిమాలే ఆడపిల్లకు అది పెద్ద ఆసరా. ఇచ్చిన ట్యాబుకు తోడుగా పలికే మనిషిని ఎవరు ఇస్తారన్నదే నా ప్రశ్న. మెక్సికోలో 1968 నుంచి పల్లెల్లో టీవీ పాఠాలతో నడుస్తున్న ఉన్నత పాఠశాలలు ఉన్నాయి. అక్కడ కూడా టీవీ ముందు పిల్లలను వదిలేయలేదు, తరగతి గదిలో ఒక ఉపాధ్యాయుణ్ణి కూర్చోబెట్టారు.

అంతదూరం పోవడమెందుకు? దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే పుట్టింది. ఆ తరువాత దానికి అంబేద్కర్ పేరు పెట్టారు. ఇంటర్ లేకపోయినా ప్రవేశ పరీక్ష రాసి డిగ్రీలో చేరే వీలు కల్పించిన సంస్థ అది. దాని స్టడీ సెంటర్‌లో ఆదివారాలు నేను కొన్నేళ్లు పాఠాలు చెప్పాను. బస్సు కండక్టర్లు, హోంగార్డులు, పెళ్లయి ఇద్దరు పిల్లల తల్లులైన గృహిణులు వచ్చేవారు. పాఠ్యపుస్తకాలు వాళ్ల చేతిలో ఉండేవి, తెలుగులో బాగా రాసినవి కూడా. అయినా గుంతకల్లు నుంచి రైలెక్కి వచ్చిన ఒక గ్యాంగ్‌మన్, పుస్తకంలోని లెక్కను తాను చేసిన కాగితం నా ముందు పెట్టి, ‘ఇది ఇట్లేనా సార్?’ అని అడిగి, అవునని నేను తల ఊపగానే మడిచి జేబులో పెట్టుకొని వెళ్లిపోయేవాడు. పాఠం వినేవాడు కాదు. ఆ తల ఊపు కోసమే వచ్చేవాడని అప్పట్లో నాకు తోచలేదు.

ఇంత కాలానికి ఈ విషయం ఎందుకు రాస్తున్నానంటే, ఆన్‌లైన్ కోర్సు ఇప్పుడు ఇష్టమున్నవాడు చేసుకునే పని కాదు. కేంద్ర ప్రభుత్వం ఆన్‌లైన్ కోర్సుల కోసం 2017లో మొదలుపెట్టిన స్వయం వేదిక ద్వారా ఒక సెమిస్టరు కోర్సుల్లో 40 శాతం దాకా చేసుకోవచ్చని యూజీసీ 2021లో అనుమతించింది. అంటే మార్కులతో, డిగ్రీతో ముడిపడ్డ వ్యవహారమైంది. ఆ వేదిక మీద దొరికే వాటిలో ఐఐటీలు నడుపుతున్న ఎన్‌పీటీఈఎల్ కోర్సుల్లో పాఠం వినడం ఉచితమే. పరీక్ష రాయడానికి వెయ్యి రూపాయలు కట్టాలి, ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు అందులో సగం. వెయ్యి రూపాయలు కట్టడమంటే తన మీద తానే పందెం కాయడం. కట్టే గడువు కోర్సు మొదలైన కొద్ది వారాలకే వస్తుంది, అంటే పిల్లవాడికి తన మీద నమ్మకం అన్నిటికన్నా తక్కువగా ఉన్నప్పుడు. ఇక నియమాలు చాలామందికి తెలియవు. పన్నెండు వారాల కోర్సులో ఉత్తమమైన ఎనిమిది అసైన్‌మెంట్ల మార్కులే లెక్కిస్తారు. వాటిలో 25కు 10, పరీక్షలో 75కు 30 వస్తే సర్టిఫికెట్ వస్తుంది. నేను చెప్పిన అమ్మాయి అక్క పెళ్లికి ఊరికి వెళ్లి ఆరో వారమూ ఏడో వారమూ పోగొట్టుకొని, పుస్తకం కట్టేసి, పది రోజులు గ్రంథాలయానికే రాలేదు. ఫోను చేసి ఈ నియమం చెప్పిన తరువాత వచ్చింది. చివరకు పరీక్ష రాసి గట్టెక్కింది. నేను ఆమెకు నేర్పిన గణాంకశాస్త్రం రెండు గంటలు కూడా ఉండదు.

కాబట్టి ఉన్నత విద్యామండలినీ, మన సీమ జిల్లాల విశ్వవిద్యాలయాలనూ, కళాశాలల ప్రిన్సిపాళ్లనూ నేను కోరేది పెద్దది కాదు. ఆన్‌లైన్ కోర్సు తీసుకున్న విద్యార్థులకు టైంటేబుల్లో వారానికి ఒక పీరియడ్ కేటాయించి, మొదటి మూడు వారాల అసైన్‌మెంట్లు కంప్యూటర్ ల్యాబులో అందరూ కలిసి చేసే ఏర్పాటు చేయాలి. అక్కడ మాట్లాడే భాష తెలుగు కావాలి. ఆ పీరియడ్ తీసుకునే అధ్యాపకుడికి దాన్ని పనిగంటల్లో లెక్కగట్టాలి. ఇప్పుడు మెంటరు అని కాగితం మీద పేరు ఉంటుంది, పని మిగిలిన పనులన్నీ ముగిశాక చేయవలసినదిగా ఉంటుంది, అంటే జరగదు. ఎవరు ఏ వారం ఆగిపోయారో కళాశాలకు జాబితా అందుతూనే ఉంటుంది గనుక, ఆగిన పిల్లకు ఆ వారంలోనే ఒక ఫోను వెళ్లాలి. మందలించడానికి చేసే ఫోను అయితే చేయకపోవడమే మేలు.

అధ్యాపకుల కొరత ఉంది కదా అని మిత్రులు అంటారు. ఉంది, నేను పనిచేసిన రోజుల్లోనూ ఉంది. ఇందుకు పీజీ చదివిన అధ్యాపకుడే అక్కరలేదు. కిందటి ఏడాది అదే కోర్సు పూర్తిచేసిన సీనియరు చాలు, ఇంకా చెప్పాలంటే అతనే నయం. తన ఊరి బస్సులోనే వచ్చే పిల్ల గట్టెక్కిందని కళ్లారా చూస్తే, ప్రొఫెసరు చెప్పినదాని కన్నా జూనియరు మనసుకు బాగా పడుతుంది. వాళ్లకు నెలకు కొంత భృతి ఇచ్చినా, వక్తలకూ శాలువాలకూ అయ్యే ఖర్చును మించదు. మొదటి మూడు అసైన్‌మెంట్లు పంపిన ప్రతి విద్యార్థి పరీక్ష ఫీజునూ కళాశాల నిధి నుంచి కడితే, పందెంలో సగం మనమూ కాసినట్లవుతుంది.

జనవరి సెమిస్టరు కోర్సుల నమోదు మొదలయ్యేలోగా ఈ పీరియడ్ సంగతి తేల్చవలసిందిగా కళాశాలలను కోరుతున్నాను. మా గ్రంథాలయంలో శనివారాలు సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా పిల్లలు పదకొండు మంది వస్తున్నారు, పక్కన కూర్చునేవాళ్లం ఇద్దరమే ఉన్నాము. పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయ మిత్రులు, బ్యాంకు ఉద్యోగులు, ఇంగ్లీషు వీడియో ఆపి తెలుగులో నాలుగు మాటలు చెప్పగల వారెవరైనా రావచ్చు, కుర్చీలు ఉన్నాయి.

ఇట్లు,
ఒక విశ్రాంత అధ్యాపకుడు,
అనంతపురం